స్పానర్ కంటే ముందు మీటరు

విజయవాడలో కారు ఉన్నవాళ్లకు ఆటోనగర్ ఒక వరం. పాత బుష్ ఊడదీసి కొత్తది ప్రెస్ చేయించాలన్నా, సెల్ఫ్ మోటారుకు కార్బన్ బ్రష్షులు మార్చాలన్నా, బ్రేక్ డిస్కు లేత్ మీద పెట్టించాలన్నా పొద్దున ఇస్తే మధ్యాహ్నం భోజనం వేళకు చేతిలో పెడతారు. వేరే ఊళ్లలో అయితే మొత్తం అసెంబ్లీయే కొనమంటారు. గుంటూరు వాళ్లు కూడా ఒక్కో పనికి కాజ టోల్ దాటి ఇక్కడికి రావడం అందుకే.

ఈ వరమే ఒక చెడ్డ అలవాటునూ నేర్పింది. పార్టు చవక, కూలీ చవక. దాంతో ఏ రోగానికైనా మొదటి మందు ఒకటే: "ఇది మార్చి చూద్దాం అన్నా." బండి స్టార్ట్ కాకపోతే బ్యాటరీ మారుస్తారు. అది కాదని తేలితే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, అదీ కాకపోతే సెల్ఫ్. చివరికి దోషం బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు వచ్చే ఎర్త్ వైరు దగ్గర తేలుతుంది. ఆ వైరు ఖరీదు రెండు వందలు. ముందు మార్చిన మూడూ బాగానే ఉన్నవే, కానీ వాటిని వెనక్కి తీసుకునేవాడు ఉండడు. చవకగా కారు నడపడమంటే కూలీ తక్కువ తీసుకునే మెకానిక్‌ని వెతుక్కోవడం కాదని నా వాదన. ఒక్కో జబ్బుకు ఒక్కసారే డబ్బు కట్టడం. అలా కట్టాలంటే విప్పే ముందు కొలవాలి.

కొలవడానికి కావలసినవి నాలుగే. డిజిటల్ మల్టీమీటర్ ఐదారు వందలకు వస్తుంది. టైర్ గాలి చూసే గేజి మూడు నాలుగు వందలు. కారు కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్లు చదివి, బ్లూటూత్‌తో ఫోన్‌లో చూపించే ఓబీడీ స్కానర్ వెయ్యి లోపు. ఇక వంటగదుల్లో వాడే పుల్లలాంటి థర్మామీటర్ రెండు మూడు వందలు. అన్నీ కలిపినా ఒక ఫుల్ ట్యాంక్ పెట్రోలుకు అయ్యేంత కాదు.

బ్యాటరీతో మొదలుపెడదాం, ఎక్కువ డబ్బు అనవసరంగా పోయేది అక్కడే కాబట్టి. చలికి బ్యాటరీలు చస్తాయని చాలామంది అనుకుంటారు. మన దగ్గర వాటిని చంపేది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, బానెట్ కింద ఉన్న బ్యాటరీ సంగతి ఊహించుకోండి. వేడికి లోపల నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు తుప్పు పడతాయి. ఎండాకాలమంతా అలా లోలోపల దెబ్బతిన్న బ్యాటరీ తర్వాతెప్పుడో ఒక పొద్దున ఉన్నట్టుండి మొరాయిస్తుంది.

రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే, తలుపు తీయకముందే బానెట్ ఎత్తి కొలవడం మంచిది. బానెట్ తెరవాలంటే తలుపు తీయక తప్పదంటారా, తీసి మళ్లీ వేసి పది నిమిషాలు ఆగండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక వంతు, 12.2 అంటే సగం. ఇప్పుడు మీటరు పిన్నులు బ్యాటరీ మీదే ఉంచి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. నిండుగా ఉన్న బ్యాటరీ అయి ఉండి కూడా సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజి 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ పని అయిపోవచ్చింది. 10.5 పైన నిలబడి, అయినా సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతుంటే తప్పు బ్యాటరీది కాదు, వైర్లదో సెల్ఫ్‌దో. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. కొత్త కార్లలో కొన్ని పెట్రోలు ఆదా కోసం ఛార్జింగ్‌ను కావాలనే తగ్గించి పెంచుతుంటాయి. వాటిలో హెడ్‌లైట్లు వేసి, ఏసీ పెట్టి చూడండి.

ఎర్త్ వైరు పరీక్ష ఇంకా తేలిక. మీటరు నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, ఎర్ర పిన్ను ఇంజన్ మీద శుభ్రమైన లోహం కనబడే చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు మించి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైన కాస్త వేజలైన్ రాస్తే సగం జబ్బులు అక్కడే తీరిపోతాయి.

రెండు రోజులు తీయకపోతే బ్యాటరీ దిగిపోతోందా? కొత్త బ్యాటరీ కొనకండి, ముందు దొంగను పట్టుకోండి. తాళం తీసేశాక కారు లాగే కరెంటు 50 మిల్లీయాంపుల లోపు ఉండాలి. 30 అయితే 35 యాంపియర్ అవర్ బ్యాటరీ పూర్తిగా ఖాళీ కావడానికి లెక్క ప్రకారం 48 రోజులు. 300 లాగితే అయిదు రోజులు కూడా పట్టదు, సగం దాటాక స్టార్ట్ కాదు కాబట్టి రెండు రోజులకే చేతులెత్తేస్తుంది. నెగటివ్ కేబుల్ ఊడదీసి, టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్యలో మీటరును 10 యాంపుల సాకెట్లో పెట్టి అరగంట వదిలేయండి, కారులోని కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి ఆ మాత్రం టైము పడుతుంది. అప్పుడు ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ చూడండి. ఏది తీస్తే అంకె పడిపోయిందో దొంగ ఆ లైనులో ఉన్నాడు. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, డాష్‌కామ్, జీపీఎస్, వీటిలో ఏదో ఒకటి తాళంతో ఆగే లైనుకు కాకుండా నేరుగా బ్యాటరీ లైనుకు కలిపేసి ఉండటం మామూలుగా దొరికే దోషం.

ఇక వేడి ఎక్కడం. ఇందులో తప్పుడు వైద్యం మరీ ఎక్కువ. డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎప్పుడు పైకి లేస్తోందో గమనిస్తే సగం రోగం అక్కడే తేలుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గరో రామవరప్పాడు రింగులోనో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, కదిలి గాలి తగలగానే తగ్గిపోతుంటే ఫ్యాన్‌ని అనుమానించాలి. ఏసీ వేస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), మోటారు ఆ వరసలో చూడాలి. పక్కనే అదే రకం రిలే హారన్‌దో ఇంకోటో ఉంటే మార్చి చూస్తే రూపాయి ఖర్చు లేకుండా తేలిపోతుంది. మార్చి చూడటం తప్పు కాదు, కొని మార్చి చూడటం తప్పు. అలా కాకుండా ఊళ్లో బాగానే ఉండి గుంటూరు హైవే మీద వందలో వెళ్లేటప్పుడు వేడెక్కితే ఫ్యాన్‌తో పనిలేదు. రేడియేటర్ లోపల పూడుకుపోయిందన్నా, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం తక్కువుందన్నా, నీళ్ల పంపు బలహీనపడిందన్నా అయి ఉండాలి.

పూడిక ఎందుకు వస్తుందంటే బోరు నీళ్లు. చప్పటి నీళ్లయినా ఉప్పు నీళ్లయినా నేలలోంచి వచ్చినదాంట్లో సున్నం ఉంటుంది. అది వేడికి రేడియేటర్ సన్నగొట్టాల్లో టీ కాచే గిన్నెలో లాగే గార కడుతుంది. లీకైన రేడియేటర్లో పసుపు పోయడం లారీల నాటి చిట్కా. పసుపు లీకును మూస్తుంది, దాంతోపాటు మూయకూడని సన్నగొట్టాలనూ మూస్తుంది. ఊరి బయట చిక్కుకున్నవాడికి ఇల్లు చేరడానికి పనికొస్తుందేమో గానీ అది మరమ్మతు కాదు. డబ్బాల్లో అమ్మే లీక్ ఆపే పొడులూ అంతే.

ఇంకో సలహా తరచూ వినబడుతుంది: "మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు, పీకేద్దాం." వినకండి. థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదలని వాల్వు. అది లేకపోతే ఇంజన్ పని చేయాల్సిన వేడికి ఆలస్యంగా చేరుతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆ అదనపు పెట్రోలు కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. థర్మోస్టాట్ తెరుచుకోకపోతే కొత్తది వేయాలి. పాతది నిజంగా పాడైందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టి, దాన్ని దారంతో వేలాడదీసి, థర్మామీటర్ ముంచి కాయండి. ఎంత వేడికి తెరుచుకోవాలో దాని మీదే కొట్టి ఉంటుంది, ఎక్కువ కార్లకు 82 నుంచి 88 డిగ్రీలు. ఆ వేడి దాటి అయిదారు డిగ్రీలైనా కదలకపోతే పోయినట్టే.

కూలెంట్ మార్చడం ఇంటి ముందు చేసుకోగల పని. ఇంజన్ పూర్తిగా చల్లబడాలి, వేడి మీద మూత తిప్పితే ముఖం కాలుతుంది. మూత తీసి, కింది హోస్ పైపు వదులు చేసి, పాతది పళ్లెంలోకి దింపండి. డిస్టిల్డ్ వాటర్ పోసి ఇంజన్ కాసేపు నడిపి, చల్లార్చి, మళ్లీ దింపండి. రంగు లేకుండా తేటగా వచ్చేదాకా ఇదే. గాఢమైన కూలెంట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. రెడీమిక్స్ డబ్బా అయితే ఒక్క చుక్క కూడా కలపకూడదు, డబ్బా మీద చదివి చూసుకోండి. చిన్న కార్లకు మొత్తం నాలుగైదు లీటర్లు పడుతుంది. హీటర్ ఫుల్‌లో పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడిపితే లోపలి గాలిబుడగలు బయటికొస్తాయి. రంగు ఒకటే కదా అని రెండు కంపెనీలవి కలపకండి, రంగుకు ఏ ప్రమాణమూ లేదు. రేడియేటర్ మూత కూడా మార్చండి, రెండు మూడు వందలు. లోపల ఒత్తిడి నిలబెట్టి కూలెంట్ 100 డిగ్రీలకే మరిగిపోకుండా ఆపేది ఆ మూతలోని స్ప్రింగే. దింపిన పాత కూలెంట్ కాలవలో పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, నాకితే చస్తాయి.

ఏసీకి ప్రతి వేసవీ గ్యాస్ కొట్టించడం ఊళ్లో ఒక ఆచారంగా మారింది. అసలు గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరిగేది. ఏడాదికే తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ చోటు పట్టకుండా కొట్టించిన గ్యాస్ వచ్చే వేసవికి మళ్లీ గాల్లో కలుస్తుంది. ఎక్కువసార్లు అది గొట్టాల అతుకులో ఉండే కొన్ని పదుల రూపాయల రబ్బరు ఓ-రింగ్. ఇక్కడ కూడా ముందు గమనించండి. ఆగినప్పుడు వేడిగాలి, కదిలితే చల్లగాలి వస్తుంటే గ్యాస్‌ని అనకండి, ముందు కండెన్సర్ చూడండి, రేడియేటర్ ముందు ఉండే ఏసీ జాలీ అది. దుమ్ము, పురుగులు, ఆకులు పట్టి గాలి ఆడటం లేదేమో. మామూలు పైపుతో సన్నటి ధారగా కడగండి, వాటర్ సర్వీస్ గన్‌తో కొడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి. గాలే తక్కువ వస్తుంటే గ్లవ్ బాక్స్ వెనక ఉన్న క్యాబిన్ ఫిల్టర్ లాగి చూడండి, మట్టిముద్దలా ఉంటుంది. కొత్తది మూడు వందలు, మార్చడానికి అయిదు నిమిషాలు.

అయినా గ్యాస్ పని తప్పదని తేలితే రెండే మాటలు అడగండి. వాక్యూమ్ ఎంతసేపు లాగుతారు, అంటే గొట్టాల్లోని గాలినీ తేమనూ పంపుతో ఎంతసేపు తీస్తారు? కనీసం 20, 30 నిమిషాలు లాగి, పంపు ఆపాక పది నిమిషాలు ముల్లు కదలకుండా నిలవాలి. గ్యాస్ ఎంత తూకం వేస్తారు? బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసి ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా 300 నుంచి 500 గ్రాములు. ఆ అంకె చూడకుండా "చల్లబడేదాకా కొడతాం" అన్నచోట ఆగొద్దు. ఎక్కువ పోస్తే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. పని అయ్యాక రీసర్క్యులేషన్ (లోపలి గాలే తిరిగేలా) పెట్టి మధ్య వెంటులో థర్మామీటర్ గుచ్చి, అంకె రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు అదే ఎండలో పోల్చి చూసుకోవడానికి.

ఇంజన్ ఆయిల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అనే పల్చటి రకం రాసి ఉంటే "మన ఎండలకు మందం కావాలి" అని మందమైన 20డబ్ల్యూ-50 పోయించకండి. వేడి వాతావరణం కన్నా ఇంజన్ లోపలి సందులే ఆయిల్ మందాన్ని నిర్ణయిస్తాయి. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్లకు ఫిల్టర్‌తో కలిపి మూడు, మూడున్నర లీటర్ల దాకా పడుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. ఫిల్టర్‌ను చేత్తో తిప్పి రబ్బరు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు చాలు. మరో మాట: ఖాళీ అయిన ఆయిల్ డబ్బాను అక్కడే కత్తితో కోసెయ్యండి. బాగున్న డబ్బాకు పాత సామాన్ల మార్కెట్లో ఎందుకు డిమాండ్ ఉంటుందో ఆలోచిస్తే మీకే తెలుస్తుంది.

మైలేజీ తగ్గిందని ఇంజెక్టర్లు క్లీన్ చేయించేవాళ్లు ఈమధ్య పెరిగారు. ముందు లెక్క చూసుకోండి. ఇథనాల్లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్లో ఉన్నదానికన్నా సుమారు మూడోవంతు తక్కువ. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్లో ఆ లెక్కన దాదాపు 6, 7 శాతం శక్తి తక్కువ. లీటరుకు 18 ఇచ్చే బండి 17కు రావడం అందులోనే పోతుంది, ఇంజెక్టర్ దోషం కాదు. 18 కాస్తా 14 అయితే వెతకాలి. అదైనా డాష్‌బోర్డు చూపే అంకెను బట్టి కాదు, ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటోకట్ దాకా ఫుల్ చేయించి, మూడు ట్యాంకుల సగటు తీసి. పాత కార్లలో ఈ20తో అసలు చూసుకోవలసింది పెట్రోల్ పైపుల రబ్బరు. పగుళ్లు, మెత్తబడటం, తడి కనిపిస్తే ఆ పైపులు వెంటనే మార్చాలి, అది మైలేజీ విషయం కాదు, నిప్పు విషయం.

చెక్ ఇంజన్ లైటుకు ఓబీడీ స్కానర్ చెప్పేది తీర్పు కాదు, ఫిర్యాదు మాత్రమే. పి0301 అంటే ఒకటో సిలిండర్ సరిగా మండటం లేదని అర్థం, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని కాదు. ఒకటో కాయిల్‌ను రెండోదాంట్లోకి మార్చి, కోడ్ చెరిపి, ఓ పది కిలోమీటర్లు తిరిగిరండి. కోడ్ పి0302గా మారితే కాయిల్ తప్పు. ఒకటిలోనే ఉండిపోతే ప్లగ్గులను అలాగే మార్చి చూడండి. కొన్నదేమీ లేదు, దోషి దొరికాడు.

కింద నుంచి టకటక శబ్దం వస్తే చాలామంది మొదట షాక్ అబ్జార్బర్లు అంటారు. గుంతల్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రమే వచ్చే చిన్న టకటక ఎక్కువగా స్టెబిలైజర్ లింక్ రాడ్డుది. అది వందల్లో అయ్యే ఖర్చు, షాకులు వేలల్లో. బండిని జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింటో బేరింగో. పక్కలా పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్డు ఎండ్. ఆటోనగర్ అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. చక్రాన్ని బాడీకి కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాగానే ఉండి, దాని చివర ఉండే రబ్బరు బుష్ మాత్రమే చిరిగితే ఆర్మ్ కొనక్కర్లేదు, బుష్ ప్రెస్ చేయించుకోండి. ఒక్క షరతు, బుష్ బోల్టులను బండి నేల మీద తన బరువుతో కూర్చున్నాకే పూర్తిగా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలి తిరిగే ఉండి నెలల్లో చిరుగుతుంది.

ఇప్పుడు మోడిఫికేషన్లు. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. కంటికి కనబడేవాటికన్నా కనబడని మార్పులకే డబ్బు పెట్టడం మేలు. అన్నింట్లో చవకైనది హెడ్‌లైట్ రిలే వైరింగ్. పాత హాలోజన్ కార్లలో కరెంటు బ్యాటరీ నుంచి స్టీరింగ్ పక్క స్విచ్ దాకా సన్నటి వైరులో వెళ్లి తిరిగి బల్బు దగ్గరికి వస్తుంది, దారిలో వోల్టులు పోతాయి. ఇంజన్ నడుస్తూ లైట్లు వేసి ఉండగా బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు హోల్డర్ వెనక కొలిచి చూడండి. అక్కడ 13.8, ఇక్కడ 12.2 ఉంటే పోయింది వోల్టున్నర మాత్రమే అనిపిస్తుంది. కానీ హాలోజన్ వెలుగు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది కాబట్టి మూడోవంతు వెలుగు పోయినట్టు. పరిష్కారం రెండు రిలేలు, డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి. రిలే పిన్నులకు నంబర్లుంటాయి: పాత వైరు 86లోకి, 85 ఎర్త్‌కు. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఫ్యూజు మీదుగా 30లోకి. 87 నుంచి బల్బుకు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, లేకపోతే ఆ వైరు ఎక్కడ ఒరుసుకున్నా మంటే. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, వాటికి ఈ కలయిక తిరగబడుతుంది. కంప్యూటర్ బల్బులను పరీక్షించే కొత్త కార్లలో అసలు ముట్టుకోకండి.

రిలే లేకుండా 100 వాట్ల బల్బు వేస్తే హోల్డర్ కరుగుతుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు వేస్తే ఎదుటివాడి కళ్లు పోతాయి, ఎందుకంటే ఆ అద్దం ఫిలమెంట్ ఉండే చోటుకు లెక్కగట్టి చేసింది. పచ్చబడిన లైటు కవరుకు 1000, 2000, 3000 నంబర్ నీటి సాండ్‌పేపర్లు వరసగా రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ పూత వేస్తే చాలు. పూత వదిలేస్తే మన ఎండకు నెలల్లోనే మళ్లీ పచ్చబడుతుంది.

టైర్ల సైజు పెంచాలంటే కూడా లెక్క కట్టండి. 165/80 ఆర్14 టైరు మొత్తం ఎత్తు: 165లో 80 శాతం 132, రెండు వైపులా 264, రిమ్ము 355.6, కలిపి 619.6 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15కి అదే లెక్క 621.5 వస్తుంది. తేడా అర శాతం కూడా లేదు, స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు. స్విఫ్ట్‌లో చౌక వేరియంట్‌కి మొదటిదీ, ఖరీదైనదానికి రెండోదీ కంపెనీయే ఇచ్చింది. అదే మీకు హద్దు. మీ మోడల్ పై వేరియంట్‌కి ఉన్న సైజు దాటకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బుల్‌బార్లను కేంద్రం 2017లోనే వద్దంది. సీఎన్‌జీ కిట్ పెట్టించుకోవచ్చు గానీ ఆర్‌సీలో ఎక్కించి తీరాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడి పరీక్ష) చేయించాలి.

కొనే టైరు తయారీ తేదీ పక్కగోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. గాలి చల్లని టైరుకే చూడాలి. హైవే మీద వచ్చి వేడి టైరులో 37 పీఎస్‌ఐ కనిపించిందని గాలి దించేస్తే చల్లారాక తక్కువవుతుంది. నైట్రోజన్‌కు డబ్బు కట్టకండి, మామూలు గాలిలో 78 శాతం అదే.

బ్రేకుల్లో మాత్రం పొదుపు చూడొద్దు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డో కోటప్పకొండో దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోవడం ఆ ఆవిరి వల్లే. రెండేళ్లకోసారి మార్చండి, దిగేటప్పుడు రెండో గేరులో దిగండి.

చివరగా పాత సామాన్లు. డోర్లు, అద్దాలు, సీట్లు, సైడ్ మిర్రర్లు, స్టీలు రిమ్ములు సెకండ్ హ్యాండ్‌లో కొనడంలో తప్పేమీ లేదు, సగం ధరకే వస్తాయి. ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టులు, టైర్లు, బ్రేకు భాగాలు మాత్రం వద్దే వద్దు. కంప్యూటర్, మీటర్ బోర్డు, పవర్ విండో మాడ్యూల్ లాంటివి కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, కార్లూ మునిగాయి. అలా మునిగిన బండి పార్టు పైకి తుడిస్తే కొత్తదానిలాగే మెరుస్తుంది. కనెక్టర్ ఊడదీసి ఫోన్ టార్చి వేసి లోపలి పిన్నులు చూడండి, సందుల్లో ఎండిన బురద ఉందేమో అగ్గిపుల్లతో గీరి చూడండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడితే ఎంత తగ్గించి ఇస్తామన్నా అక్కడే పెట్టేసి రండి.